అండమాన్ వెళ్తున్నారా? వాన కన్నా ముందు గాలి చూడండి

పోయిన వారం ఓపీలో ఒకాయన తన తండ్రి మందుల చీటీ నా ముందు పెట్టి, దాని పక్కనే ఫోన్ కూడా పెట్టారు. చీటీ కంటే ముందు ఫోన్ చూడమన్నారు. తెర మీద పోర్ట్‌బ్లెయిర్ వాతావరణం. శుక్ర, శని, ఆదివారాలకు వరసగా 31, 31, 30 డిగ్రీలు. ఒక్కో రోజు పక్కన ఒక మబ్బు బొమ్మ, దాని కింద ఒక మెరుపు, రెండు చినుకులు.

‘‘ఇక్కడ 42తో మాడిపోతున్నాం సార్. అక్కడ 31 మాత్రమే. నాన్నకు ఇంట్లో కంటే అక్కడే హాయి కదా? మూడు రోజులూ వాన చూపిస్తోంది, అదొక్కటే బెంగ. టికెట్లు రద్దు చేసుకోమంటారా?’’

పెద్దాయనకు 71 ఏళ్లు. గుండె పంపింగ్ తగ్గింది. పదిహేనేళ్లుగా మధుమేహం. కాళ్లకు నీరు పట్టకుండా రోజూ పొద్దున్నే ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకుంటారు. మనవళ్లతో కలిసి దీవులు చూడాలని ఎంత ఉబలాటంగా ఉందో ఆయన ముఖంలోనే తెలుస్తోంది. కొడుకు భయమంతా వాన గురించి. నా భయం అది కాదు. అదే తెర మీద కింద చిన్న అక్షరాల్లో ఉన్న తేమ, గాలి. ఆ తెర మీద అసలు కనిపించని అలలు.

వేసవి సెలవుల్లో అండమాన్ వెళ్లే కుటుంబాలన్నీ సామాను సర్దుకుంటూ ఒకసారి వాతావరణం చూసుకుంటాయి. గొడుగు పెట్టాలా వద్దా తేల్చుకోవడానికి. అదే సూచనను కాస్త వైద్యుడి కళ్లతో చదివితే మందుల సంచిలో ఏమేం ఉండాలో, ఏ రోజు ఏ దీవిలో ఉండాలో, ఇంట్లో ఎవరు పడవ ఎక్కకూడదో కూడా తెలుస్తుంది.

నిజానికి అండమాన్ వాతావరణం మనకు కొత్తేం కాదు. ‘అండమాన్ సముద్రంలో అల్పపీడనం’ అన్న మాట వినపడకుండా మనకు ఏ అక్టోబరూ గడవదు. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 8న ఆ దీవులను దాటుకుని వచ్చి, 12న విశాఖ మీద విరుచుకుపడింది. మనకు నాలుగు రోజుల ముందు అందే కబురు, వాళ్లకు ఆ రోజు వాతావరణం. అక్కడ మనవాళ్లూ తక్కువేం లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో వందలో 13 మంది మాతృభాష తెలుగే. (2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. అందరి నోటా ఇంకా పాత పేరే నడుస్తోంది కాబట్టి నేనూ అదే వాడుతున్నాను.)

31 అంటే 31 కాదు

మన ఒంటికి ఉన్న కూలర్ చెమట. అయితే చల్లబరిచేది చెమట కారడం కాదు, ఆరడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలోక్యాలరీల వేడి బయటకు పోతుంది. అదే చెమట చొక్కా తడిపి కిందికి కారిపోతే నీళ్లూ ఉప్పూ పోతాయి గానీ వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. హైదరాబాద్ వేసవి మధ్యాహ్నాల్లో గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టిన సంగతి తెలిసేలోపే ఆరిపోతుంది. అండమాన్‌లో మే నెలలో గాలిలో తేమ 80 శాతం దాకా ఉంటుంది. అప్పటికే నీటితో నిండిన గాలి మన చెమటను ఎక్కడ తీసుకుంటుంది?

ఉష్ణోగ్రతనూ తేమనూ కలిపి, ఒంటికి ఎంత వేడి అనిపిస్తుందో చెప్పే పట్టిక ఒకటుంది. దాని ప్రకారం 31 డిగ్రీలకు 80 శాతం తేమ తోడైతే దాదాపు 41 డిగ్రీలతో సమానం. అదీ నీడలో. నేరుగా ఎండలో నిలబడితే మరో ఎనిమిది డిగ్రీల దాకా పెరగొచ్చు. అంటే 42 నుంచి 31కి తప్పించుకుపోతున్నామనుకుని టికెట్ కొన్నాం గానీ, గుండెనడిగితే ఉన్నచోటే ఉన్నామంటుంది. చాలా ఫోన్లలో ‘ఫీల్స్ లైక్’ అని పక్కన చిన్నగా కనిపించే అంకె ఇదే. పెద్దవాళ్లు వెంట ఉంటే చూడాల్సింది దాన్ని.

ఎవరూ పట్టించుకోని అంకె ఇంకొకటుంది. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత. పగలంతా వేడితో పెనుగులాడిన గుండెకు విశ్రాంతి దొరికేది రాత్రే. కనిష్ఠం 25, 26 దగ్గర ఆగి, తేమ తగ్గకపోతే ఫ్యాన్ కింద కూడా ఒళ్లు ఆరదు. మిగతా ఖర్చుల్లో ఎక్కడ పొదుపు చేసినా ఫర్వాలేదు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఏసీ గది తీసుకోండి. విశాఖ, కాకినాడ వాళ్లకు ఈ ఉక్క కొంత అలవాటే. అనంతపురం నుంచో నిజామాబాద్ నుంచో వెళ్లేవాళ్లకు అలా కాదు. కొత్త ఉక్కకు శరీరం సర్దుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మూడు రోజుల ప్రయాణంలో సర్దుకునేలోపే తిరుగు విమానం వచ్చేస్తుంది.

ఇక మా పెద్దాయన సంగతి. వేడిని బయటకు పంపాలంటే చర్మం వైపు ఎక్కువ రక్తం మళ్లించాలి. దానికోసం గుండె వేగం పెంచాలి. పంపింగ్ తగ్గిన గుండెకు అదే పెద్ద పని. మాత్రతో ఒకవైపు, చెమటతో ఒకవైపు నీరు పోతుంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. మధుమేహానికి వాడే మాత్రల్లో పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండేవి మూత్రంలో చక్కెరతో పాటు నీటినీ పంపేస్తాయి. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి మానేసిన రోజు వాటిని వేసుకోకూడదు. అలాగని, వేడి ప్రదేశానికి వెళ్తున్నాం కదా అని ఎవరికి వాళ్లు మాత్రలు ఆపేయడం ఇంకా ప్రమాదం. బయల్దేరే ముందు వారంలో మీ డాక్టర్‌ను ఒకసారి కలవండి. మా పెద్దాయనకు రక్తపరీక్ష చేయించి, బరువు చూసి మాత్ర మోతాదు సర్దాను. ఆ లెక్క ఆయనకే, ఇంకెవరికీ పనికిరాదు.

తాగే వాటి విషయంలోనూ ఓ మాట. మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్లకు ఓఆర్‌ఎస్, కొబ్బరి నీళ్లు అమృతమే. గుండె పంపింగ్ తగ్గినవాళ్లు మాత్రం ఓఆర్‌ఎస్‌ను మంచినీళ్లలా తాగకూడదు, అందులో ఉప్పుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, పొటాషియాన్ని పెంచే బీపీ మాత్రలు వాడేవాళ్లు కొబ్బరి బొండాలతో జాగ్రత్త. అండమాన్‌లో అడుగడుగునా బొండాలే కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

‘చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే’ అనే మాట ఓపీలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మన పొడి ఎండల్లో వడదెబ్బ తగిలితే సాధారణంగా ఒళ్లు ఎండిపోయి కాలిపోతుంటుంది. ఉక్కలో, అందులోనూ కొండదారిలో నడిచినవాళ్లకు, బాగా శ్రమపడినవాళ్లకు ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే వడదెబ్బ తగలొచ్చు. చూడాల్సింది చర్మాన్ని కాదు, మాటను. మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, మగతగా ఉన్నా వెంటనే నీడకు చేర్చండి. బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోసి, విసురుతూనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

అక్కడ మిట్టమధ్యాహ్నం 11.20కే

‘పన్నెండు నుంచి మూడు వరకూ ఎండలోకి వెళ్లొద్దు’ అని మనం ఇక్కడ చెప్పుకునే జాగ్రత్త అక్కడ పనిచేయదు. దేశమంతటికీ గడియారం ఒకటే గానీ సూర్యుడు గడియారం చూసుకుని రాడు. పోర్ట్‌బ్లెయిర్ మనకు బాగా తూర్పున ఉంది. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో. అక్కడ 11.20 ప్రాంతంలోనే. దాదాపు గంట తేడా. కాబట్టి అతినీలలోహిత కిరణాలు గట్టిగా తాకే వేళ పొద్దున తొమ్మిదిన్నరకే మొదలవుతుంది. హోటల్లో తీరిగ్గా టిఫిన్ చేసి, పదింటికి పిల్లల్ని బీచ్‌కు తీసుకెళ్తే అసలైన ఎండలో దింపినట్టే.

ఏప్రిల్ 20 ప్రాంతంలో అక్కడ సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. మే నెలలోనూ పెద్ద తేడా ఉండదు. ఆకాశం మబ్బుగా ఉన్నా ఆ కిరణాల్లో చాలా భాగం కిందికి వస్తూనే ఉంటుంది. ‘మబ్బు పట్టింది కదా’ అని టోపీ తీసేసిన రోజే భుజాలు కమిలిపోతాయి. సముద్రంలోకి దిగే పని పొద్దున్నే పెట్టుకోండి. మే నెలలో అక్కడ ఐదింటికల్లా తెల్లవారుతుంది.

మబ్బు బొమ్మ చెప్పనిది

ఇప్పుడు వాన సంగతి. మూడు రోజులూ మబ్బు బొమ్మ ఉంటే మూడు రోజులూ వానే అనుకుని బెంబేలెత్తాల్సిన పనిలేదు. అక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేదానికి మూడు రెట్లకు పైనే. మే 20 దాటాక నైరుతి రుతుపవనాలు మనకంటే ముందు పలకరించేది వాళ్లనే. అలాంటి చోట ఫోన్ రోజూ మబ్బు చూపించడంలో వింతేముంది? ఉక్కకు పుట్టే ఉరుముల మబ్బు కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. గంటలో పుట్టి, కురిసి, పోతుంది. ఫలానా బీచ్‌లో మూడింటికి వాన పడుతుందా అన్నది ముందురోజు కూడా ఎవరూ గట్టిగా చెప్పలేరు.

ఫోన్ బొమ్మ కంటే భారత వాతావరణ శాఖ బులెటిన్‌లోని మాటలే మేలు. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే వంద కేంద్రాల్లో పాతిక లోపు చోట్ల వాన అని. ‘భారీ వర్షం’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆ పైన. ఈ రెండో మాట కనిపిస్తే మాత్రం వైద్యుడిగా నాకు ఒక జబ్బు గుర్తొస్తుంది.

1988 నుంచి ఉత్తర అండమాన్‌లో వానల తర్వాత కొందరికి తీవ్రమైన జ్వరం, రక్తం పడే దగ్గు వచ్చేవి. ప్రాణాలూ పోయేవి. కారణం తెలియక చాలాకాలం ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అనే పిలిచారు. అది ఎలుక, పశువుల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ అని 1993లో తేలింది. పర్యాటకులకు ముప్పు తక్కువే. కానీ కాలి పగుళ్లతో, చిన్న గాయాలతో, చెప్పుల్లేకుండా వాననీళ్లలో నడవొద్దు. మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లైతే అసలే వద్దు. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టర్‌కు ముందు చెప్పాల్సిన మాట ‘అండమాన్ వెళ్లొచ్చాం’ అని. ఆ ఒక్క మాట చెప్పకపోతే డెంగీ, టైఫాయిడ్ పరీక్షల చుట్టూ నాలుగు రోజులు తిరిగిపోతాం. మొదటి రోజుల్లోనే పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్‌లతో తగ్గిపోయే జబ్బు ఇది.

మత్స్యకారులకు చెప్పిన మాట

ఇది నేను చేసిన తప్పు. కొన్నేళ్ల కిందట మే చివర్లో మా అమ్మతో కలిసి అండమాన్ వెళ్లాం. ఒకరోజు ఉదయం పడవకు హేవ్‌లాక్ వెళ్లి, సాయంత్రం పడవకు పోర్ట్‌బ్లెయిర్ తిరిగి రావాలని మా ఆలోచన. హేవ్‌లాక్ అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్. అమ్మకు పొద్దున, రాత్రి ఇన్సులిన్. పొద్దునది చేసి, పెన్ను జాగ్రత్తగా హోటల్ ఫ్రిజ్‌లో పెట్టించాను. ఎండలో తిప్పితే పాడవుతుందని! బీపీ మాత్రలూ గదిలోనే. సాయంత్రానికి వచ్చేస్తాం కదా.

ఆ పొద్దున బులెటిన్ చదివాను కూడా. ‘గంటకు 40-50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు, అప్పుడప్పుడు 60. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.’ మనం మత్స్యకారులం కాదు కదా అనుకున్నాను. ఆకాశం నీలంగా ఉంది.

మధ్యాహ్నం రెండింటికి సాయంత్రం పడవలు రద్దయ్యాయన్నారు. మర్నాడూ అంతే. వాన పెద్దగా లేదు, గాలే. రాత్రి ఎనిమిదింటికి అమ్మ చక్కెర 340. ఇంటి నిండా డాక్టర్లున్న కుటుంబం, చేతిలో ఒక్క యూనిట్ ఇన్సులిన్ లేదు. దీవిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నాకంటే పదిహేనేళ్లు చిన్నది. అమ్మను పరీక్షించి, ఫ్రిజ్ తెరిచి ఇన్సులిన్ వయల్ తీసి, సిరంజితో ఇచ్చింది. పడవలు ఆగినప్పుడల్లా ఇలా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారని నవ్వింది. నేనూ డాక్టర్నే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మా అదృష్టం కొద్దీ కావాల్సింది ఇన్సులిన్ మాత్రమే. గుండెపోటో పక్షవాతమో అయితే? పెద్ద ఆస్పత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. మధ్యలో సముద్రం. పడవను ఆపిన గాలే హెలికాప్టర్‌నూ ఆపుతుంది. 2016 డిసెంబరు మొదటి వారంలో వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. సముద్రం కాస్త నెమ్మదించాకే నౌకాదళం, కోస్ట్‌గార్డ్ వాళ్లను తీసుకురాగలిగాయి. ఆ వాయుగుండమే తర్వాత వార్దా తుపానై చెన్నైని కుదిపేసింది.

అందుకే అంటున్నాను, వాన కన్నా ముందు గాలి చూడమని. ఇందులో ఇంకో సౌకర్యం కూడా ఉంది. వాన మబ్బు చిన్నది కాబట్టి ముందే పట్టుకోవడం కష్టం. గాలిని లేపే అల్పపీడనాలు, రుతుపవనాల ఉధృతి వందల కిలోమీటర్ల మేర ఉంటాయి. రెండు మూడు రోజుల ముందు చెప్పే గాలి సూచనను చాలావరకు నమ్మొచ్చు. అలల ఎత్తు కావాలంటే ఇన్‌కాయిస్ సముద్ర సూచన చూడండి. అండమాన్ చుట్టూ అలలెంత ఎత్తున లేస్తాయో చెప్పే ఆ సంస్థ ఉన్నది ఎక్కడో కాదు, సముద్రమే లేని మన హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో. నా మటుకు నేను అలలు రెండు మీటర్లు దాటతాయని కనిపిస్తే పెద్దవాళ్లనూ పసిపిల్లలనూ పడవ ఎక్కించను. పడవ నడుస్తున్నా సరే.

పడవ ఎక్కేవాళ్లకు వాంతుల బెడద ఉంటుంది. మాత్ర వేసుకుంటే గంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు. ప్రొమెథజైన్ రకం మందులు రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. ప్రొస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దాయనలకు ఈ మాత్రలతో మూత్రం బిగుసుకుపోవచ్చు. నీటికాసులు ఉన్నవాళ్లూ అడిగి గానీ వేసుకోవద్దు. డెక్ మధ్యలో కూర్చుని దూరంగా ఆకాశం, సముద్రం కలిసేచోట చూపు నిలిపితే కొంత నయం. ఫోన్ చూడటం మాత్రం చేటు.

సముద్రం బాగాలేక శనివారం స్కూబా డైవింగ్ రద్దయితే, కుర్రాళ్లు దాన్ని చివరిరోజు పొద్దుటికి మార్చుకుంటారు. ఆ సాయంత్రమే విమానం. ఇది మంచిది కాదు. ఒక్కసారి డైవ్ చేసినా విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు ఆగాలి. ఎక్కువసార్లు దిగితే 18 గంటలు. రక్తంలో కరిగిన నత్రజని బయటకు పోకముందే పైకి ఎగిరితే అది బుడగలుగా మారి కీళ్లలో నొప్పులు, ఒక్కోసారి నరాలు చచ్చుబడటం దాకా తెస్తుంది. డబ్బు పోతే పోయిందనుకుని ఆ డైవ్ వదులుకోవాలి.

ఇంతా విన్న కొడుకు, ‘‘అయితే వద్దంటారా సార్?’’ అన్నారు. వద్దనలేదు. పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండి, పెద్ద ఆస్పత్రికి దగ్గరలో ఏసీ గది తీసుకోమన్నాను. తిరగడం తొమ్మిది లోపు, మళ్లీ నాలుగు దాటాక. రోజూ పొద్దున బరువు చూసుకోవాలి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయాలి. గాలి వాక్యం లేకపోతేనే దీవి ప్రయాణం. ఉంటే మనవళ్లను తల్లిదండ్రులు తీసుకెళ్తారో మానుకుంటారో వాళ్లిష్టం, పెద్దాయన మాత్రం కదలకూడదు. ఆయన కాసేపు ఆలోచించి, ‘‘ఒడ్డున కూర్చున్నా సముద్రం కనబడుతుందిగా’’ అన్నారు.

మందులు మూడు రోజులవి కాదు, పది రోజులవి రాసిచ్చాను. వాటిని అక్కడే నా టేబుల్ మీద రెండు సంచుల్లోకి సర్దించాను. ఒకటి కొడుకు దగ్గర, ఒకటి పెద్దాయన భుజానికి. విమానంలో రెండూ చేతి సామానులోనే. గంటసేపటికని బయటకు వెళ్లినా ఆ చిన్న సంచి భుజం దిగకూడదని కోడలితో చెప్పాను. గురువారం సాయంత్రం బులెటిన్ చూసి ఫోన్ చేస్తామన్నారు.